గోడకు కోడ్ తగిలించినంత మాత్రాన బిల్లు రాదు

సంపాదకులకు నమస్కారం.

భవనం త్రీడీ నమూనా కంప్యూటర్‌లో సిద్ధమైతే చాలు, ఖర్చు అంచనా దానంతట అదే వచ్చేస్తుందన్న మాట ఈ మధ్య మీ స్థిరాస్తి పేజీల్లోనూ, సాఫ్ట్‌వేర్ అమ్మే సంస్థల ప్రకటనల్లోనూ తరచూ కనబడుతోంది. హైదరాబాద్‌లో నిర్మాణ సంస్థలకు అంచనాలు, పని సాగేకొద్దీ పెట్టే రన్నింగ్ బిల్లులు తయారుచేయడమే వృత్తిగా ఉన్న క్వాంటిటీ సర్వేయర్‌గా దీని గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది. ఆ ప్రచారంలో సగం నిజముంది. నమూనా నుంచి కొలతలు నిజంగానే వస్తాయి, అదీ మనిషి టేపు పట్టుకుని నక్షాల మీద లెక్కగట్టిన దానికన్నా వేగంగా వస్తాయి. కానీ కొలతలు వేరు, ఖర్చు వేరు. ఒక గోడ, ఒక స్తంభం, ఒక శ్లాబు అనే నమూనా భాగాన్ని రేట్ల పట్టికలోని ఏ ఐటెమ్‌తో, ఏ కొలతతో, ఏ నిబంధన ప్రకారం జతచేయాలో ఎవరో ఒకరు ముందుగా నిర్ణయించాలి. ఆ నిర్ణయాన్ని మన దగ్గర ఎవరూ తమ పనిగా భావించడం లేదు. ఆర్కిటెక్టు అది అంచనాదారు పని అంటాడు, అంచనాదారు నమూనా గీసినవాళ్ల పని అంటాడు, యజమానికి అలాంటి పని ఒకటుందనే తెలియదు.

విషయం ఈ రంగంతో సంబంధం లేని పాఠకులకు కూడా అర్థం కావాలంటే ఒక్క గోడను తీసుకుని చూడటం మేలు. 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల ఎత్తు, 230 మిల్లీమీటర్ల మందం ఉన్న ఇటుక గోడ, అందులో 1.5 మీటర్ల వెడల్పు, 1.2 మీటర్ల ఎత్తున్న ఒక కిటికీ. కిటికీ పైన వేసే అడ్డ దూలం, అంటే లింటెల్ సంగతి పక్కన పెడదాం. నమూనాలో ఇది ఒకే ఒక్క ఎలిమెంట్. బిల్లులోకి వచ్చేసరికి ఇది ఇటుక కట్టుబడి, లోపలి ప్లాస్టరింగ్, బయటి ప్లాస్టరింగ్, పుట్టీ, లోపలి రంగు, బయటి రంగు అని కనీసం ఆరు ఐటెమ్‌లవుతుంది. కట్టుబడి ఘనపు మీటర్లలో, మిగతావన్నీ చదరపు మీటర్లలో. కిటికీ తీసేస్తే గోడ ముఖం 10.2 చదరపు మీటర్లు, కట్టుబడి సుమారు 2.35 ఘనపు మీటర్లు. ఇంతవరకు సాఫ్ట్‌వేర్ లెక్కకూ మన లెక్కకూ తేడా లేదు. తేడా ప్లాస్టరింగ్ దగ్గర మొదలవుతుంది.

కిటికీ వైశాల్యం 1.8 చదరపు మీటర్లు. సాఫ్ట్‌వేర్ దాన్ని రెండు ముఖాల్లోనూ తీసేసి, ప్లాస్టరింగ్ 20.4 చదరపు మీటర్లని చూపిస్తుంది. మన దేశంలో నిర్మాణ పనుల కొలతలకు ప్రమాణమైన ఐఎస్ 1200 అలా చెప్పదు. అర చదరపు మీటరు దాకా ఉన్న ఖాళీలకు కోత లేదు. అర నుంచి మూడు చదరపు మీటర్ల వరకు ఒక్క ముఖంలోనే కోత, రెండో ముఖంలో వదిలేసిన వైశాల్యమే కిటికీ అంచుల లోతుకు చేసిన ప్లాస్టరింగ్‌కు పరిహారం. మూడు దాటితే రెండు ముఖాల్లోనూ కోసి, అంచులను విడిగా కొలిచి కలపాలి. ఆ ప్రకారం మన గోడకు ప్లాస్టరింగ్ 22.2 చదరపు మీటర్లు. ఒక్క కిటికీకి 1.8 చదరపు మీటర్ల తేడా, అంటే సాఫ్ట్‌వేర్ చూపిన దాని మీద దాదాపు 9 శాతం. ఇప్పుడు ఫ్లాట్లలో బాల్కనీకి పెడుతున్న 2.4 మీటర్ల వెడల్పు, 2.1 మీటర్ల ఎత్తు స్లైడింగ్ తలుపు తీసుకుంటే అది 5 చదరపు మీటర్లు దాటుతుంది కాబట్టి నిబంధన మారిపోతుంది. ఒకే గోడలో ఒక చిన్న వెంటిలేటర్, ఒక కిటికీ, ఒక పెద్ద తలుపు ఉంటే మూడు రకాల లెక్క.

ఇంకొంచెం లోతుకు వెళితే, లోపల 12 మిల్లీమీటర్లు, బయట 20 మిల్లీమీటర్ల మందంతో వేర్వేరు ప్లాస్టరింగ్ చేసినప్పుడు ఆ ఒక్క కోత ఏ ముఖంలో వేయాలన్న ప్రశ్న వస్తుంది. చౌకట్టు ఏ పక్కకు జరిపి బిగించారో చూసి, అంచు లోతు తక్కువగా ఉన్న పక్క కోయాలన్నది నిబంధన. చౌకట్టు ఎక్కడుందో నమూనాకు తెలుసు. కానీ అడిగేవాడుండాలి కదా! నమూనాల మార్పిడికి అంతర్జాతీయ ప్రమాణంగా ఉన్న ఐఎఫ్‌సీ ఫైలులో గోడకు గ్రాస్ సైడ్ ఏరియా, నెట్ సైడ్ ఏరియా అని రెండు కొలతలకూ చోటుంది. మనకు కావలసినది ఆ రెండూ కాదు. గ్రాస్ తీసుకుని, ఖాళీలను ఒక్కొక్కటిగా వైశాల్యం చూసి, నిబంధన ప్రకారం కోసిన మూడో అంకె కావాలి. అంటే జతచేయడమంటే గోడ పక్కన కోడ్, అంటే వర్గాన్నో ఐటెమ్‌నో సూచించే సంఖ్య, రాయడం కాదు. కోడ్, ఏ కొలత, ఏ సూత్రం, ఏ యూనిట్ అనే నాలుగూ కలిస్తేనే జత పూర్తయినట్టు. నేను చూసే ఫైళ్లలో చాలావాటిలో కోడ్ ఒక్కటే ఉంటుంది.

ఆ ఉన్న కోడ్ అయినా మన బిల్లుకు పనికొస్తుందా అంటే అదీ లేదు. భవన నమూనాలు గీసే రెవిట్ వంటి సాఫ్ట్‌వేర్‌లో అసెంబ్లీ కోడ్ అనే గడి ఒకటుంటుంది. దానికి సంస్థ తనంతట తాను వేరే పట్టిక ఇవ్వకపోతే అమెరికాలో వాడే యూనిఫార్మాట్ పట్టికే దర్శనమిస్తుంది. అందులో బయటి గోడలు బీ2010, గది విభజన గోడలు సీ1010. ఇవి భవనాన్ని భాగాలుగా చూసే కోడ్‌లు, పనుల ఐటెమ్‌లుగా చూసేవి కావు. బీ2010 అన్నప్పుడు ఇటుక, ప్లాస్టరింగ్, రంగు అన్నీ కలిసిన మొత్తం బయటి గోడ. తొలిదశలో చదరపు అడుగుకు ఎంతవుతుందో ఉజ్జాయింపుగా చెప్పడానికి అది చాలా మంచి పద్ధతే, నాకు దాని మీద వ్యతిరేకత లేదు. కానీ టెండర్ దగ్గరికి వచ్చేసరికి మన లెక్క వేరు. కేంద్ర ప్రజాపనుల శాఖ వారి ఢిల్లీ రేట్ల పట్టికలో కాంక్రీటు ఒక అధ్యాయం, ఇనుప కడ్డీలు పెట్టి పోసే కాంక్రీటు (ఆర్‌సీసీ) ఒక అధ్యాయం, ఇటుక కట్టుబడి ఒకటి, ఫినిషింగ్ మరొకటి. మన రాష్ట్ర రేట్ల పట్టిక ఎస్‌ఎస్‌ఆర్‌తో పనిచేసేవారికీ ఐటెమ్‌ల వారీ ఆలోచనే అలవాటు. కాబట్టి నమూనా అంతా బీ2010లతో నింపి ఇచ్చి, ఇక కోడింగ్ అయిపోయిందని చెబితే, గోడలన్నిటికీ పేర్లు పెట్టారు గానీ ఒక్క గోడకూ ధర కట్టలేదన్నమాట.

గోడ అన్న ఒక్క వర్గం మీద ఆధారపడటంలో ఇంకో చిక్కుంది. సగం ఇటుక మందం, అంటే 115 మిల్లీమీటర్ల గోడను చదరపు మీటర్లలో కొలుస్తాం, ఒక ఇటుక మందం నుంచి ఘనపు మీటర్లలో కొలుస్తాం. నార్సింగి, కోకాపేట వైపు ఇప్పుడు లేస్తున్న ఎత్తయిన టవర్లలో ఎన్నింటిలోనో మైవాన్ అనే అల్యూమినియం సెంట్రింగ్‌తో గోడలు కూడా కాంక్రీటుతోనే పోస్తున్నారు. నమూనాలో అదీ గోడే, తేలికపాటి సిమెంటు బ్లాకులతో (ఏఏసీ) కట్టిన గోడా గోడే. మందం, పదార్థం, అంతస్తు చూడకుండా వర్గం ఒక్కటే చూసి జతచేస్తే కాంక్రీటు గోడకు బ్లాకుల రేటు పడే ప్రమాదముంది. అంతస్తు ఎందుకంటే, ఢిల్లీ పట్టికలో ఆర్‌సీసీకి అయిదో అంతస్తు స్థాయి వరకు ఒక ధర, ఆపైన అదనపు ధర. ముప్పై అంతస్తుల భవనంలో ఇది పెద్ద మొత్తమే.

జతచేసే పద్ధతులు స్థూలంగా మూడు. మొదటిది, ఎలిమెంట్ రకానికే కోడ్ రాసేయడం. ఆ రకం గోడ ఎక్కడ గీసినా కోడ్ వస్తుంది. సులువే, కానీ ఒక రకానికి ఒక కోడ్ మాత్రమే పడుతుంది, మనకు గోడకు ఆరు కావాలి. రెండోది, అంచనా సాఫ్ట్‌వేర్‌లో ఒక్కొక్క ఎలిమెంట్‌ను ఎంచుకుని చేత్తో ఐటెమ్‌కు తగిలించడం. ప్రతి ఎలిమెంట్‌కు ప్రత్యేకమైన గుర్తింపు సంఖ్య ఉంటుంది, లంకె ఆ సంఖ్యతో పడుతుంది. హడావుడిలో అందరూ చేసేది ఇదే, నా దృష్టిలో అన్నిటికన్నా ప్రమాదకరమైనదీ ఇదే. ఆర్కిటెక్టు ఒక గోడను జరిపితే సంఖ్య మారదు, లంకె నిలుస్తుంది. అదే గోడను చెరిపి మళ్లీ గీస్తే కంటికి తేడా తెలియదు గానీ అది కొత్త సంఖ్యతో పుట్టిన కొత్త గోడ. పాత లంకె గాలిలో కలుస్తుంది, కొత్త గోడ ఏ ఐటెమ్‌కూ చెందకుండా మిగిలిపోతుంది. నమూనా ప్రతి సవరణకూ ఇలా కొన్ని జారిపోతూ ఉంటాయి, అప్పటికే పెద్దదైన మొత్తంలో ఆ కొరత బయటపడదు.

మూడోది నిబంధనల పద్ధతి: గోడ అయి, పదార్థం ఏఏసీ అయి, మందం 200 మిల్లీమీటర్లయి, అంతస్తు ఫలానా అయితే ఈ ఐటెమ్‌లకు వెళ్లు అని రాసిపెట్టడం. ఎలిమెంట్లు చెరిగినా, కొత్తవి వచ్చినా, నిబంధన తన పని తాను చేసుకుపోతుంది. మొదట్లో శ్రమ ఎక్కువ, పైగా నమూనాలో పదార్థాల పేర్లు ఒక క్రమంలో ఉండాలి. ఒక డిజైనర్ ‘ఏఏసీ 200’ అని, పక్క కుర్చీలోని డిజైనర్ ‘బ్లాక్ 8 ఇంచ్’ అని రాస్తే నిబంధన రెండోదాన్ని గుర్తుపట్టదు. అయినా దీర్ఘకాలంలో నిలిచేది ఇదొక్కటే. చేతి లంకెలు నిబంధనకు ఒదగని విడి భాగాలకే పరిమితం కావాలి.

ఏ పద్ధతి అయినా, నమూనా సవరించిన ప్రతిసారీ రెండు జాబితాలు తీయాలి: ఏ కోడ్‌కూ చెందని ఎలిమెంట్లు, ఏ ఎలిమెంటూ లేని కోడ్‌లు. ఈ రెండూ తీయడానికి ఎక్కువ సమయం పట్టదు. కానీ మూడో రకం తప్పును ఈ జాబితాలు పట్టుకోలేవు. నగరానికి పడమటి వైపు ఒక నివాస సముదాయంలో సెల్లార్ చుట్టూ మట్టిని ఆపే రిటెయినింగ్ గోడను స్ట్రక్చరల్ నమూనాలోనూ గీశారు, ఆర్కిటెక్చర్ నమూనాలోనూ గీశారు. రెండింటికీ కోడ్ ఉంది, రెండూ సక్రమమే, కాబట్టి ఏ హెచ్చరికా రాలేదు. గోడ అంచనాలో రెండుసార్లు చేరింది. సైట్‌కు వచ్చిన రెడీమిక్స్ కాంక్రీటు చలాన్లను పనుల పరిమాణాల పట్టిక బీఓక్యూతో సరిపోల్చేటప్పుడు గానీ అది బయటపడలేదు. అదృష్టవశాత్తు అది ఎక్కువ చూపిన తప్పు కాబట్టి ఎవరికీ నష్టం కలగలేదు. కాంక్రీటు భాగాలు ఏ నమూనా నుంచి తీసుకోవాలి, రంగులు, టైల్స్ ఏ నమూనా నుంచి తీసుకోవాలి అన్నది ముందే రాసుకుంటే ఇలా జరగదు.

స్తంభం, దూలం, శ్లాబు కలిసేచోట కూడా ఇలాంటిదే ఒకటుంది. ఆ ఉమ్మడి ఘనపరిమాణం ఎవరి ఖాతాలో పడాలన్నది సాఫ్ట్‌వేర్‌లో వాటిని కలిపిన వరుసను బట్టి ఉంటుంది. మొత్తం కాంక్రీటు మారదు కాబట్టి పరవాలేదనుకుంటారు. స్తంభానికి ఎక్కువ బలమున్న ఎం40, శ్లాబుకు ఎం30 కాంక్రీటు అయినప్పుడు, రెండింటి రేట్లు వేరైనప్పుడు, ఆ వరుసే డబ్బును ఇటు నుంచి అటు మారుస్తుంది. సెంట్రింగ్ సంగతి మరీను. కాంక్రీటుకు తగిలే చెక్క లేదా ప్లేటు వైశాల్యాన్నే కొలవాలి. నమూనా మాత్రం దూలం మీద శ్లాబు కూర్చున్న భాగాన్ని కూడా ముఖంగానే లెక్కపెట్టి చూపించవచ్చు.

ఇక నమూనాలో అసలే లేనివి. హైదరాబాద్‌లో సెల్లార్ తవ్వినవారికి రాయి సంగతి చెప్పనక్కరలేదు. పైన మట్టి, దాని కింద మెత్తబడిన రాయి, ఆ కింద గట్టి గ్రానైటు. ఏది ఎంత లోతు నుంచి మొదలవుతుందో ఒకే ప్లాటులో ఈ మూలకూ ఆ మూలకూ పొంతన ఉండదు. రేట్ల పట్టికలో మామూలు మట్టికి ఒక ధర, మెత్తని రాయికి ఒకటి, గట్టి రాయికి ఒకటి, పేలుళ్లకు అనుమతి లేనిచోట గట్టి రాయికి మరొకటి. నమూనా సెల్లార్‌ను ఒక ఖాళీ పెట్టెగా చూపిస్తుంది, ఆ పెట్టె పరిమాణాన్ని మాత్రమే చెబుతుంది. దాన్ని ఏ కోడ్‌కు ఎంత భాగం పంచాలో నేలలో రంధ్రాలు వేసి పరీక్షించిన బోర్‌హోల్ నివేదిక చూసి మనిషే తేల్చాలి. నీళ్లు తోడటం, పరంజా, చుట్టూ బారికేడ్లు, పరీక్షల ఖర్చు కూడా అంతే. చాలా ప్రాజెక్టుల్లో ఇనుప కడ్డీలు కూడా నమూనాలో ఉండవు, వాటి పొడవులు, వంపుల పట్టిక, అంటే బార్ బెండింగ్ షెడ్యూలు విడిగా వస్తుంది. ఈ ఐటెమ్‌లు ఎలిమెంట్ లేని కోడ్‌ల జాబితాలోకి వచ్చినప్పుడు వాటిని తప్పులుగా భావించి తొలగించిన సందర్భాలున్నాయి. అవి ‘నమూనా బయట’ అన్న గుర్తుతో అంచనాలో స్పష్టంగా కనబడుతూ ఉండాలి.

ఇదంతా ఎవరు చేయాలి? నా అభిప్రాయంలో యజమాని చేయించాలి, అదీ డిజైన్ పని అప్పగించేటప్పుడే. డబ్బు పెట్టేది ఆయన, చివరికి తప్పు మోసేదీ ఆయనే. ఆర్కిటెక్టుతోనూ స్ట్రక్చరల్ ఇంజినీరుతోనూ చేసుకునే ఒప్పందానికి ఒక జత పట్టిక అనుబంధంగా ఉండాలి. ఎలిమెంట్ వర్గం, దాన్ని గుర్తించే లక్షణాలు, వర్తించే ఐటెమ్‌లు, కొలత సూత్రం, యూనిట్, ఏ నమూనా నుంచి తీసుకోవాలి అనే వివరాలు అందులో ఉంటే చాలు. పదార్థాల పేర్లు ఆ పట్టికలో ఉన్నట్టే రాయాలని షరతు పెట్టాలి. అంచనాదారుతో కూర్చుని ఈ పట్టికను ఒకసారి తయారుచేసుకున్న సంస్థ తర్వాతి ప్రాజెక్టుకు చిన్న మార్పులతో వాడుకోవచ్చు. ఇప్పుడు జరుగుతున్నదేమిటంటే, నమూనా పూర్తయ్యాక టెండర్‌కు కొద్ది రోజుల ముందు అంచనాదారుకు పంపి, కోడ్‌లు తగిలించమంటారు. అప్పుడు ఆయన చేసేది చేతి లంకెలే, మరో దారి లేదు.

టెండర్ వేసే కాంట్రాక్టర్‌కు తన సొంత కాస్ట్ కోడ్‌లుంటాయి, అవి సిమెంటు, కూలి, యంత్రాలు అంటూ తన కొనుగోళ్లకూ పద్దులకూ తగ్గట్టు ఉంటాయి. వాటిని యజమాని ఐటెమ్‌లలో కలిపేయాలని చూడకూడదు. ఐటెమ్ నుంచి కాంట్రాక్టర్ కోడ్‌కు రెండో లంకె ఉంటుంది, అది ఆయన సొంత వ్యవహారం. ఈ రెండు లంకెలనూ ఒకే గడిలో ఇరికించాలన్న ప్రయత్నం వల్లే చాలా సంస్థల్లో కోడింగ్ మధ్యలో ఆగిపోతోంది.

ప్రభుత్వ శాఖలకు నా విజ్ఞప్తి చిన్నది. రేట్ల పట్టికలు నా చేతికి పీడీఎఫ్ ప్రతులుగానే అందుతున్నాయి. వాటిని ఏ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించాలన్నా ఎవరో ఒకరు కూర్చుని టైపు చేయాల్సిందే, ఆ క్రమంలో అంకెలు తారుమారు కావడం మామూలే. పట్టికను స్ప్రెడ్‌షీట్ రూపంలో ఇవ్వాలి. కొత్త సంచిక వచ్చినప్పుడు ఐటెమ్ సంఖ్య మారితే పాత సంఖ్యను పక్క గడిలో చూపాలి. నిరుటి నమూనాల్లోని లంకెలు అప్పుడు తెగవు. దీనికి కొత్త బడ్జెట్ అక్కరలేదు, ఆ పట్టిక ముద్రణకు ముందు ఏదో ఒక కంప్యూటర్‌లో స్ప్రెడ్‌షీట్‌గానే ఉండి ఉంటుంది.

ఫ్లాటు కొనేవారికి ఇందులో ఏమిటన్న ప్రశ్న రావచ్చు. 2016 నాటి స్థిరాస్తి చట్టం ప్రకారం కొనుగోలుదారుల నుంచి వచ్చే సొమ్ములో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచి, పని పూర్తయిన శాతాన్ని బట్టి, ఇంజినీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంట్ ధ్రువీకరించాకే తీయాలి. ఆ శాతాన్ని ఇప్పుడు చాలాచోట్ల కంటి అంచనాతో, ‘స్ట్రక్చర్ అయింది, ప్లాస్టరింగ్ సగం అయింది’ అన్న ధోరణిలో వేస్తున్నారు. ఎలిమెంట్లు ఐటెమ్‌లతో సరిగా జతపడి ఉంటే, ఏ అంతస్తులో ఏ పని అయిందో గుర్తు పెట్టగానే ఖర్చు శాతం లెక్కతో సహా వస్తుంది. ధ్రువపత్రం మీద సంతకం చేసే ఇంజినీరుకు కూడా అది రక్షణే.

చివరిగా శిక్షణ గురించి ఒక మాట. మాదాపూర్‌లోని జాతీయ నిర్మాణ విద్యా సంస్థ న్యాక్, నగరంలోని ఇంజినీరింగ్, ఆర్కిటెక్చర్ కళాశాలలు తలుచుకుంటే ఇది పెద్ద పని కాదు. నా దగ్గరికి ఉద్యోగానికి వచ్చే కుర్రవాళ్లలో చాలామంది నమూనా చక్కగా గీస్తారు. ప్లాస్టరింగ్‌లో కిటికీకి కోత ఎన్ని ముఖాల్లో వేయాలని అడిగితే మాత్రం తెల్లముఖం వేస్తారు. ఐఎస్ 1200 పాఠాన్ని, నమూనా పాఠాన్ని వేర్వేరు సెమిస్టర్లలో వేర్వేరు అధ్యాపకులు చెప్పడం వల్ల వచ్చిన తిప్పలివి. రెండూ కలిసిన ఒక్క ప్రాక్టికల్ పెట్టి, విద్యార్థి గీసిన ఇంటి నమూనా నుంచి బీఓక్యూ తీయించి, దాన్ని చేత్తో వేసిన లెక్కతో పోల్చి, తేడా వచ్చిన ప్రతి ఐటెమ్‌కూ కారణం రాయించాలని ఆ సంస్థల పెద్దలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు
ఒక క్వాంటిటీ సర్వేయర్
మియాపూర్, హైదరాబాద్